గోడ కదలదు, ఒడ్డు కదులుతుంది: ఒక చెరువు, ఒక ఫైరింగ్ రేంజ్

వరంగల్ కోర్టుల్లో ఇరవై ఏళ్ళకు పైగా వకాలత్ చేస్తున్నాను. మత్స్యకారుల సంఘాల పనులు నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. చెరువు లీజు తగాదాలు, సభ్యత్వాల గొడవలు, రెండు ఊళ్ళ మధ్య హద్దు పంచాయితీలు. ఇక్కడ రాస్తున్నది వీటిలో దేనికీ చెందని కేసు. ఒక సాయుధ దళం తన గోడ ముందున్న నీళ్ళలోకి ఎవరూ రావొద్దంది. సముద్రం ఒడ్డున నౌకాదళ స్థావరాల దగ్గర ఇలాంటి ఆంక్షలు మామూలే. మన చెరువు దగ్గర అలాంటి గీత ఎలా గీయాలో చెప్పే కాగితం నాకు ఎక్కడా దొరకలేదు. రేపు ఇలాంటి కేసు చేతికొచ్చే జూనియర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఊరి పేరు, దళం పేరు, సంవత్సరం ఇవ్వడం లేదు. దూరాలు, సంఖ్యలు కొద్దిగా మార్చాను. జరిగిన క్రమం, మేం వేసిన తప్పటడుగులు ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో ఒక పాత చెరువు. పెద్ద కట్ట, రెండు తూములు, నిండితే నీళ్ళు పొర్లిపోయే ఒక మత్తడి. తూర్పు ఒడ్డున పదిహేనేళ్ళ కింద ఆ దళం శిక్షణ కేంద్రం వచ్చింది. ప్రహరీ గోడ శిఖం (చెరువు నీళ్ళు నిలిచే నేల) అంచు దాకా కట్టారు. గోడ లోపల ఫైరింగ్ రేంజ్, దాని చివర తూటాలు ఆపే మట్టిదిబ్బ, దిబ్బ వెనక చెరువు. రేంజ్ కట్టినప్పుడు ఆ మూలలో నీళ్ళు ఏడాదికి నాలుగు నెలలే ఉండేవట. అందుకే అప్పుడు ఎవరికీ అభ్యంతరం రాలేదు.

పరిస్థితి మారింది పూడికతీతతో. 2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక ఈ చెరువులోనూ మట్టి తీశారు. తూర్పు మూల ఒండ్రు మంచిదని రైతులు ట్రాక్టర్లతో అక్కడి నుంచే ఎక్కువ తోలుకుపోయారు. దాంతో గోడకు కొంత దూరంలో పెద్ద గుంత పడింది. ఏప్రిల్, మే నెలల్లో చెరువంతా ఎండి నెర్రెలిచ్చినా ఆ గుంతలో రెండు నిలువుల నీళ్ళుంటాయి. చేప మొత్తం అక్కడికే చేరుతుంది. సంఘంలో 112 మంది సభ్యులు, 34 తెప్పలు. ప్రభుత్వం ఉచితంగా పోసే చేపపిల్లలు పెరిగి చేతికొచ్చే కాలం, గుంత ఒక్కటే మిగిలే కాలం దాదాపు ఒకటే. ఆ మూల మూసేస్తే సంఘానికి ఏడాది ఆదాయంలో సగం పోయినట్టే. ఈ సంగతి మొదట నాకు అర్థం కాలేదు. గోడ లోపలి వాళ్ళకు అసలు తెలియదు.

వచ్చిన సమస్య

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఇద్దరు కుర్రాళ్ళ వలకు తొమ్మిది కిలోల బొచ్చె పడింది. తెప్ప మీద నిలబడి చేపను ఎత్తి పట్టుకుని సెల్ఫీ దిగారు. ఫొటోలో వాళ్ళ వెనక కాపలా టవర్ పడింది. సెంట్రీ చూశాడు. ఇద్దరినీ లోపలికి తీసుకెళ్ళి అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టారు. ఫోన్లు, రెండు వలలు ఉంచేసుకున్నారు. తెల్లారి నోటి మాటగా ఆర్డర్ వచ్చింది: గోడ నుంచి మూడు వందల మీటర్ల లోపు నీళ్ళలో ఎవరూ కనపడొద్దు.

సంఘం అధ్యక్షుడు, ఒక కుర్రాడి తండ్రి కలిసి నా దగ్గరికి వచ్చారు. తండ్రి కుర్చీలో కూడా కూర్చోలేదు. "దేశం మీద కేసు అంటున్నరు సారూ, పోరగానికి పెండ్లి కుదిరింది" అన్నాడు. అధ్యక్షుడి బాధ వేరు. "గోడ కాడికి పోవద్దంటరు. గోడ ఎక్కడ, నీళ్ళు ఎక్కడ? వానకాలం గోడకే నీళ్ళు తాకుతయి. ఎండకాలం గోడ కాడి నుంచి నీళ్ళ కాడికి నడిస్తే బీడీ అయిపోతది. మూడు వందల మీటర్లు ఏడికెంచి కొలవాలె?"

ఆ ప్రశ్నే ఈ కేసు మొత్తానికీ మూలం. దాన్ని నేను ఫైలు మీద రాసుకున్నాను కానీ, దాని బరువు తెలియడానికి రెండు నెలలు పట్టింది.

మొదటి నిర్ణయం: ముందు పిల్లలు

చేపల వేట హక్కు, వలలు, ఫోన్లు, కేసు భయం, అన్నీ ఒకే దరఖాస్తులో పెట్టమన్నారు సంఘం వాళ్ళు. నేను వద్దన్నాను. పిల్లల మీద ఎఫ్ఐఆర్ పడితే ఆ తర్వాత మా ప్రతి మాటా నిందితుల తరఫు మాట అవుతుంది. అందుకని మొదటి వారం ఆ ఒక్క పనే చూశాను.

1923 నాటి అధికార రహస్యాల చట్టంలో 'నిషిద్ధ ప్రదేశం' అనే మాటకు నిర్వచనం ఉంది. సైనిక, నౌకా, వైమానిక స్థావరాలు దాని కిందికి నేరుగా వస్తాయి. మిగతా ప్రభుత్వ స్థలాల్లో నిషిద్ధ ప్రదేశంగా ప్రకటించదలచిన దాన్ని కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేయాలి. ఆ నోటిఫికేషన్ ప్రతిని ఇంగ్లిష్‌లోనూ స్థానిక భాషలోనూ ఆ స్థలంలో అంటించాలి. మా చెరువు ఒడ్డు శిక్షణ కేంద్రం రెండో రకం. గెజిట్ నోటిఫికేషన్ ఏదీ మాకు చూపించలేదు. ఉన్న ఒక్క బోర్డు హిందీ, ఇంగ్లిష్‌లలోనే ఉంది.

ఈ పాయింటును గట్టిగా వాదించొచ్చు. నేను వాదించలేదు. ఒక పేజీ వినతిపత్రంలో చట్టం ఏమంటుందో రెండు వాక్యాలు రాసి, మిగతాదంతా ఆ ఫొటో ఎందుకు దిగారో రాశాను. కుర్రాళ్ళు వాళ్ళ ముందే ఫొటో తీసేశారు. పదకొండో రోజు ఫోన్లు వచ్చాయి, కేసు పెట్టలేదు. వలలు మాత్రం పాడైపోయి వచ్చాయి. తడి వలను మూటగట్టి మూలన పడేస్తే ఏమవుతుందో లోపలి వాళ్ళకు తెలియదు.

ఫలించనివి

ఆ విజయంతో నాకు తొందర ఎక్కువైంది. వెంటనే లీగల్ నోటీసు పంపాను. 1985లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఓల్గా టెల్లిస్ తీర్పు ప్రకారం జీవనోపాధి రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని, 19వ అధికరణం కింద వృత్తి హక్కు ఉందని, నోటి మాటతో చెరువు మూసే అధికారం ఎవరికీ లేదని రాశాను. ప్రతి వాక్యం చట్టప్రకారం సరైనదే. ఫలితం మాత్రం తలకిందులైంది. అప్పటిదాకా సంఘం అధ్యక్షుడితో గేటు దగ్గర నిలబడి మాట్లాడిన అధికారి ఆ తర్వాత గేటు దగ్గరికే రావడం మానేశాడు. ఫైలు వాళ్ళ పై ఆఫీసు లీగల్ సెక్షన్‌కు వెళ్ళింది. మార్చి నెలంతా అలా పోయింది. మాట నడుస్తున్న చోట నోటీసు ఇవ్వడం నా తప్పు. సంఘం దానికి ఒక నెల వేట నష్టపోయింది.

హైకోర్టులో రిట్ వేద్దామని కొందరు సభ్యులు పట్టుబట్టారు. వెయ్యొచ్చు. కానీ నా లెక్క ఇది: భద్రత అనే మాట వినగానే ఏ కోర్టయినా ముందు ఎదుటి పక్షాన్ని వింటుంది, జవాబు (కౌంటర్) వేయడానికి టైమ్ ఇస్తుంది. మాకు ఉన్నది ఏప్రిల్, మే మాత్రమే. జూన్‌లో గెలిస్తే గుంతలో చేప ఉండదు. గెలిచినా కోర్టు ఇచ్చేది మహా అయితే 'చట్టప్రకారం ఆంక్ష పెట్టుకోండి' అని. మాకు కావలసింది నీళ్ళ మీద కనపడే గీత. దాన్ని కోర్టు హాల్లో కూర్చుని గీయలేం.

జిల్లా స్థాయిలో అర్జీ కూడా ఇచ్చాం. ఒక శాఖ ఇది భద్రత విషయం అంది, ఇంకొకటి శిఖం భూమి విషయం అంది, మూడోది లీజు షరతుల్లో ఇది లేదంది. మూడు జవాబులూ ఫైల్లో ఉన్నాయి. వాటి గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

తెప్ప మీద ఒక తెల్లవారుజాము

ఏప్రిల్ మొదట్లో నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాశాను. దాంట్లో ఒక్కటే అడిగాను: రేంజ్ బాధ్యత చూసే అధికారి ఒక ఉదయం మా వెంట నీళ్ళ మీదికి రావాలి. ఆయన వచ్చాడు. ఐదు గంటలకు, యూనిఫాం లేకుండా.

మనిషికో తెప్ప చొప్పున మూడు తెప్పల మీద, ముందు కూర్చున్న మనిషే తెడ్డు వేస్తుండగా వెళ్ళాం. చీకట్లో వల బెండ్లు ఒక్కొక్కటీ చేతికి తగులుతుంటే ముసలాయన ఒకరు వల ఎత్తుతున్నాడు. అధికారి ఆయన్ని అడిగాడు, బోర్డు చూడకుండా ఎలా వస్తారని. ముసలాయన మాట్లాడకుండా తెడ్డుతో చూపించాడు. గోడ మీద రేకు బోర్డు ఉంది. దాని అక్షరాలు రోడ్డు వైపు ఉన్నాయి. చెరువు వైపు నుంచి కనపడేది తుప్పు పట్టిన రేకు వీపు మాత్రమే. పదిహేనేళ్ళుగా ఆ బోర్డును నీళ్ళ మీది నుంచి ఆ దళంలో ఎవరూ చూసినట్టు లేదు. అధికారి చాలాసేపు దాన్నే చూశాడు.

ఒడ్డుకొచ్చాక టీ తాగుతూ ఆయన్ని అడిగాను: "మీరు ఆపుతున్నది దేని కోసం?" తూటాలు దిబ్బ మీదుగా దాటొచ్చు అన్నాడు, అది దాటితే కిలోమీటర్ల దూరం పోతుంది. వెంటనే, టవర్లు, ఆయుధాల గది ఎవరూ చూడకూడదు అన్నాడు. రెండూ ఒకే వాక్యంలో చెప్పాడు. మూడు వందల మీటర్లు అనే అంకె ఆ రెండు భయాలూ కలిసి పుట్టిందని నాకు అప్పుడు తెలిసింది.

అమెరికాలో తీరం వెంట ఉన్న సైనిక స్థావరాల ముందు నీళ్ళకు వాళ్ళ ఆర్మీ ఇంజనీర్ల విభాగం రాసిన నియమాలు ఉన్నాయి. అవి ఈ రెండు భయాలనూ విడదీస్తాయి. కాల్పులు, పేలుళ్ళ లాంటి ప్రమాదం ఉన్న నీళ్ళు 'ప్రమాద ప్రాంతం'. దాన్ని ఎప్పటికీ మూసి ఉంచనక్కర్లేదు, అవసరాన్ని బట్టి అప్పుడప్పుడు మాత్రమే కూడా మూయొచ్చు. ప్రభుత్వ ఆస్తి భద్రత కోసమో, అక్కడి పనుల వల్ల జనానికి హాని కలగకూడదనో రాకపోకలు తగ్గించేది 'నియంత్రిత ప్రాంతం'. రెండింటి విషయంలోనూ ఆహారం కోసం చేపలు పట్టే వృత్తికి అకారణంగా అడ్డు రాకూడదని ఆ నియమాల్లోనే రాశారు. సైన్యం కాల్పుల అభ్యాసానికి సంబంధించిన మన 1938 నాటి ఫీల్డ్ ఫైరింగ్ చట్టంలో కూడా ప్రమాద ప్రాంతం నుంచి మనుషుల్ని, పశువుల్ని తప్పించేది కాల్పులు జరిగే సమయానికి, ప్రాణానికి ప్రమాదం ఉన్న సమయానికే. జార్ఖండ్‌లోని నేతర్‌హాట్‌లో ఆదివాసీలు దశాబ్దాల పాటు వ్యతిరేకించింది ఈ చట్టం కింద నోటిఫై చేసిన ప్రాంతాన్నే. 2022లో గడువు ముగిశాక దాన్ని పొడిగించలేదు. మా చిన్న రేంజ్‌కు ఆ చట్టం నేరుగా వర్తించదు. అయినా దాని తర్కం అధికారికి వెంటనే ఎక్కింది. ప్రమాదానికి గడియారం ఉంటుంది, కాబట్టి దాన్ని గంటల్లో కొలవాలి. చాటుకు, అంటే లోపలివి బయటికి కనపడకుండా ఉంచడానికి, గడియారం ఉండదు, దాన్ని దూరంలో కొలవాలి. గోడ చాటు కోసం నలభై మీటర్లు చాలు. మూడు వందల మీటర్లు కావలసింది కాల్పులప్పుడే.

గుంత ఉన్నది గోడకు నూట ఇరవై మీటర్ల దూరంలో. అంటే కాల్పులు లేని రోజు గుంత మాదే.

మొదటి ఒప్పందం, అది ఎందుకు నిలవలేదు

నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చి, ఇసుక బస్తాలు కట్టి నలభై మీటర్ల దగ్గర వరసగా వదిలాం. కాల్పుల సమాచారం కోసం వాట్సాప్ గ్రూపు పెట్టాం. మూడు వారాల్లో రెండూ చెడ్డాయి.

ఈదురుగాలికి డ్రమ్ములు జరిగాయి, నీళ్ళు తగ్గేకొద్దీ తాళ్ళు వదులై ఇంకా జరిగాయి. ఒకటి గుంత మధ్యలోకి వచ్చి నిలబడింది. సెంట్రీ డ్రమ్మును చూసి అరుస్తాడు, తెప్ప మీది మనిషి ఆ డ్రమ్మునే చూపించి వాదిస్తాడు. సముద్రంలో ఆటుపోట్లున్నా నీటి అంచు మన చెరువులా నెలల తరబడి వెనక్కే ఉండిపోదు. ఇక్కడ ఒడ్డును కొలత చేసుకున్న ఏ గీతా నిలవదు.

వాట్సాప్ వైఫల్యం నాకు ఎక్కువ నేర్పింది. మెసేజ్ రాత్రి తొమ్మిదింటికి వచ్చేది. వల నీళ్ళలో పడేది సాయంత్రం ఐదింటికి. తెల్లారి ఆరున్నరకు కాల్పులు మొదలైతే వల అందులోనే ఉంటుంది. ఏప్రిల్ ఎండకు వలలో చచ్చిన చేప కన్ను ఎనిమిదింటికల్లా తెల్లబడుతుంది, మొప్పల ఎరుపు పోతుంది. వ్యాపారి సగం ధర కూడా ఇవ్వడు. కాబట్టి ఎవరో ఒకరు ఎలాగైనా వల కోసం వెళ్తారు. పైగా ఫోన్లు గుంజుకున్న తర్వాత చాలామంది ఫోన్ ఇంట్లోనే పెట్టి వచ్చేవాళ్ళు. సమాచారం అందిందా అని మేం చూసుకున్నాం. వల వేయకముందే అందిందా అని చూడలేదు.

నిలిచినది

మే నెలలో చెరువు వెనక్కి పోయి గోడ ముందు నేల బయటపడింది. గుర్తులు నీళ్ళలో వదలడం మానేసి నేలలో పాతాలనే ఆలోచన అధ్యక్షుడిదే. చెరువు నేలలో ఏది పాతాలన్నా నీటిపారుదల ఇంజనీరు కాగితం కావాలి, దానికి రెండు వారాలు తిరిగాం. ఇరవై అడుగుల ఇనుప పైపులు ఏడు, సిమెంటు దిమ్మెల్లో నిలబెట్టాం. మత్తడి దుంకినా నాలుగడుగులు పైకి కనపడేలా లెక్క చూసుకున్నాం. ఎరుపు, తెలుపు పట్టీలు, పైన మెరిసే స్టిక్కర్. పైపులు దళం స్టోర్ నుంచి, సిమెంటు, కూలి సంఘం నుంచి. బోర్డు తెలుగులో రాయించి చెరువు వైపు తిప్పారు.

కాల్పులు వారానికి మూడు రోజులు, ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా. ఏ రోజులో ఆదివారమే ఒడ్డున ఉన్న సంఘం షెడ్డు గోడ మీద రాస్తారు, ఊళ్ళో డప్పు చాటింపు వేయిస్తారు. మొదట ఆరున్నరే అన్నారు, ట్రైనీలకు ఎండ తగులుతుందని. వల ఎత్తేది ఎప్పుడో కళ్ళారా చూసిన అధికారే లోపల మాట్లాడి ఎనిమిదికి ఒప్పించాడు.

అయినా ఒక భయం మిగిలింది. నీళ్ళ మీద ఎవరూ లేరని ఎవరు చెప్పాలి? టవర్ మీది నుంచి తుంగ వెనక ఉన్న తెప్ప కనపడదు. దీనికి దారి చూపినవాడు ఒక సభ్యుడు. ఆయన తండ్రి సింగరేణిలో ల్యాంప్ రూంలో పనిచేశాడు. షిఫ్టు దిగాక ఏ నంబరు ల్యాంపు తిరిగి రాలేదో చూసి, ఆ మనిషి ఇంకా గనిలోనే ఉన్నాడని తెలుసుకునేవారట. అదే పద్ధతి తెచ్చాం. 34 రేకు బిళ్ళలు, నంబర్లు కొట్టించి షెడ్డులో మేకులకు తగిలించాం. తెప్ప దించేవాడు బిళ్ళ తీసుకుంటాడు, ఒడ్డెక్కి తిరిగి తగిలిస్తాడు. ఏడున్నరకు డ్యూటీ సెంట్రీ షెడ్డు దాకా వచ్చి మేకులు చూస్తాడు. అన్నీ నిండితేనే కాల్పులకు గుర్తుగా ఎర్రజెండా లేస్తుంది.

రెండో నెలలో ఒక రోజు పంతొమ్మిదో మేకు ఖాళీగా ఉంది. కాల్పులు మొదలుపెట్టకుండా వెతికితే, తుంగలో వల చిక్కుకుని ఒక పెద్దమనిషి దిబ్బకు ఎదురుగానే ఉన్నాడు. ఆయనకు చెవులు సరిగా వినపడవు. ఆ రోజు తర్వాత బిళ్ళ విషయంలో ఎవరికీ మళ్ళీ చెప్పాల్సిన పని రాలేదు, గోడకు ఇవతలా, అవతలా.

మిగిలినవి

నష్టపరిహారం రాలేదు. మూడు నెలల వేట నష్టానికి, పాడైన వలలకు అడిగాం. అలాంటి చెల్లింపుకు తమ దగ్గర పద్దు లేదన్నారు. దాని కోసం వేరే దావా వేయాలా అని సంఘంలో ఓటు పెడితే ఎక్కువమంది వద్దన్నారు. నేను వాళ్ళ నిర్ణయానికి కట్టుబడ్డాను, ఆ బాకీ మాత్రం ఉందనే అంటాను.

ఏడాదిన్నర తర్వాత ఆ అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయన వచ్చిన రెండో వారమే ఆదివారం రాత ఆగిపోయింది. ఒప్పందం మీద సంతకాలున్నాయి కానీ అది దళం స్టాండింగ్ ఆర్డర్లలోకి (అధికారులు మారినా నడిచే ఉత్తర్వుల్లోకి) ఎక్కలేదు. నేను అడగాల్సింది, అడగలేదు. మళ్ళీ తెప్ప దగ్గరి నుంచే మొదలుపెట్టాం. ఈసారి ఆఫీసు ఉత్తర్వు నంబరుతో, పైపుల మ్యాపు జతచేసి ఇచ్చారు. అలాంటి ఉత్తర్వు చేతికి వచ్చేదాకా ఫైలు మూయొద్దని నా దగ్గర పనిచేసేవాళ్ళకు చెబుతున్నాను.

ఇంకోటి ఈ మధ్యే తెలిసింది. చేప పట్టేది మగవాళ్ళు, అమ్మేది ఆడవాళ్ళు. కాల్పుల రోజుల్లో ఎనిమిది లోపు ఒడ్డెక్కాలని తెప్పలన్నీ ఒకేసారి వస్తున్నాయి. తూకం, పంపకం అయ్యేసరికి టౌన్‌కు పోయే మొదటి బస్సు వెళ్ళిపోతోంది. రెండో బస్సుకు గంపలతో దిగేసరికి మార్కెట్లో ధర పడిపోతోంది. ఇన్ని మీటింగుల్లో ఒక్కసారి కూడా వాళ్ళను పిలవలేదు, పిలవాలని నాకూ తోచలేదు. వచ్చే నెల మీటింగుకు నలుగురి పేర్లు ఎజెండాలో రాయించాను. వాళ్ళు అడుగుతున్నది ఆ మూడు రోజులు చేపను పడమటి కట్ట దగ్గర దించాలని, అక్కడ ఆటో దొరుకుతుందని. ఆ కట్ట పక్క ఊరి సంఘం కింద ఉంది. వాళ్ళ అధ్యక్షుడితో గురువారం మాట్లాడాలి.